రబ్బరు కప్ప

లక్సెట్టిపేటలో బస్సెక్కిన ముసలాయన నా ఎదుటి సీట్లో కూర్చుని, పాత సైకిల్ ట్యూబు ముక్కల్ని చుట్టి, దారంతో బిగించి కప్పను చేస్తున్నాడు. ఆముదం రాసి, మెత్తబడిందా అని పంటితో నొక్కి చూశాడు. కొర్రమట్ట చేపలకు ఎరట.

"రబ్బరును చేపెందుకు తింటది కాకా?" అన్నాను.

"తినేటందుకు కాదు బిడ్డా. చిన్న పిల్లలున్న కొర్రమట్ట వాటిని ఇడిచి పోదు. గా పిల్లల మీదికి కప్ప దుంకితే ఊకుంటదా?"

నాకు నమ్మకం కలగలేదు. ఆయన నా ఒళ్ళో నిద్రపోతున్న ఏడాది పాప ముఖం మీదికి కప్పను చటుక్కున విసిరాడు. అది పాపను తాకకముందే నా పిడికిట్లో ఉంది.

"గిట్లనే పడ్తది," అన్నాడు నవ్వకుండా. "ఫికర్ చెయ్యకు, ఇంకా గాలం కట్టలే."

"మరి దాని పిల్లలు?"

"తక్కిన చేపలు తింటయ్," అంటూ కప్ప కోసం చెయ్యి చాచాడు.

కాపురం వదులుకొని ఆ బస్సులో పుట్టింటికి చేరిన నెలకు మా అత్త వచ్చింది. నన్ను రమ్మని ఒక్క మాటైనా అనలేదు. పాపను ఎత్తుకొని పోయి బస్సెక్కింది.

వెనకే నేనూ ఎక్కాను.