దేశాలు పంచిన పెద్దమ్మ

పౌడరు వాసన నాకు పడదు. బస్సులో పక్క సీటావిడ మెడకి దట్టంగా రాసుకుని వచ్చినా, పెళ్లిళ్లలో ఎవరైనా పసిపిల్ల ముఖానికి పూస్తున్నా ముందు నా ముక్కు, ఆ తర్వాత నా ఒళ్లు మండుతుంది. మొన్న శృంగవరపుకోటలో మా పెద్దమ్మ సూట్‌కేసు సర్దడానికి వెళ్లినప్పుడు, చీరల మధ్య దాచుకున్న పౌడరు డబ్బా మూత ఊడి, గదంతా ఆ తీపి వాసనతో నిండిపోయింది. నేను తుమ్ముకుంటూ చీరలు దులుపుతున్నాను గానీ, నా మనసు అప్పటికే మా చర్చి వెనకాల చిన్నగదికి వెళ్లిపోయింది. డిసెంబరు సాయంత్రాల్లో ఆ గదిలో మా ఈడు పిల్లలందరికీ పౌడరు రాసేవారు. నాకు మాత్రం మసి పూసేవారు.

మా ఊళ్లో డిసెంబరంటే కొండలు కనిపించకుండా పోయే నెల. పొద్దున్నే అరకు కొండల మీంచి దిగిన మంచు చర్చి గంట దాకా వచ్చి ఆగేది, అందులోంచి రైలు కూత ఒక్కటే వినిపించేది గానీ రైలు కనిపించేది కాదు. సంతకి కొండ మీంచి వచ్చినవాళ్లు పసుపు కొమ్ములు, చీపురు కట్టలు, నిప్పుల మీద కాల్చిన చిలగడదుంపలు అమ్ముతుంటే, వాళ్ల కంబళ్ల నుంచి వచ్చే పొగ వాసనా, మా ఇళ్లలో అరిసెల పాకం ముదిరే వాసనా కలిసి వీధి చివరదాకా ఉండేవి. మా చర్చి వాళ్ల ఇళ్లన్నిటి మీదా వెదురు బద్దలకి రంగు కాగితం అంటించిన నక్షత్రాలు లేచేవి. మైదా ఉడికించిన జిగురు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం, అందులో సగం నక్షత్రానికీ సగం మా జుట్టుకీ అంటుకునేది. అమ్మమ్మ పొయ్యి దగ్గర పీట వేసుకుని, ఎవరు ఎన్ని అరిసెలు నొక్కేశారో కళ్లు మూసుకునే కనిపెట్టేది.

ఆ రోజుల్లో మా వాళ్లకి ఒక ముచ్చట ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక చాపల మీద కూర్చుని, ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగుతూ, దేవుడు అడిగితే ఏ దేశంలో కాపరం పెడతారో ఒక్కొక్కరూ చెప్పుకునేవారు. ఎవరి దగ్గరా పాస్‌పోర్టు లేదు, చాలామంది రైల్లో పక్కనున్న కొత్తవలస దాటినవాళ్లు కూడా కాదు, అయినా దేశాలు మాత్రం బంగాళాదుంపలు ఏరుకున్నంత జాగ్రత్తగా ఏరుకునేవారు. పాస్టరుగారిది యెరూషలేము, అందులో మార్పు లేదు. రిటైరైన హెడ్మాస్టరు తాతగారు ఇంగ్లండు తప్ప ఇంకో దేశంలో క్రమశిక్షణ లేదనేవారు. మా అమ్మ సిగ్గుపడుతూ సింగపూర్ అనేది, అక్కడ వీధులు కడుగుతారని ఎవరో చెప్పారట. అమ్మమ్మ వంతు వచ్చేసరికి అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉండేవారు.

"మోకాళ్లు నొప్పెట్టని దేశం ఏటైనా ఉంటే సెప్పండర్రా, ఇప్పుడే ఎలిపోతాను," అనేది.

పిల్లలందరిదీ స్విట్జర్లాండే. టీవీలో పాటలన్నీ అక్కడే పాడేవారు, కిరాణా కొట్టు క్యాలెండరు మీద కూడా ఆ మంచుకొండే ఉండేది. నేనూ అదే అనుకునేదాన్ని. ఆ మంచులో ఊలు టోపీ పెట్టుకుని నడుస్తున్నట్టు స్కూల్లో లెక్కల పీరియడ్ అంతా ఊహించుకునేదాన్ని.

ఊహించుకుంటే సరిపోదు, దేశాలు పంచేది మా పెద్దమ్మ. అమ్మకి స్వయానా అక్క, సండే స్కూలు టీచరు, చర్చిలో మైకు పట్టుకుంటే పాస్టరుగారు కూడా ఒదిగి నిలబడే మనిషి. క్రిస్మస్ సాయంత్రం మా చర్చిలో దేశాల వరస అని ఒక కార్యక్రమం ఉండేది. పిల్లలు ఒక్కో దేశం వేషం వేసుకుని, గుమ్మం నుంచి పశువుల పాక దాకా నడిచొచ్చి, తమ దేశం గొప్ప చెప్పి, బాలయేసు ముందు ఒక కానుక పెట్టాలి. ఇంగ్లండుకి అట్టకిరీటం, జపానుకి కాగితం గొడుగు. స్విట్జర్లాండుకి గౌను నిండా దూది అంటించి, చేతిలో చాక్లెట్ల డబ్బా పెట్టేవారు. ఆ దేశం ఏటేటా పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరసైన ఎస్తేరప్పదే. అప్ప తెల్లగా ఉండేది, పౌడరు రాస్తే ఇంకా తెల్లగా అయ్యేది, పాపం మనసు కూడా చెడ్డది కాదు, కానీ ఆ చాక్లెట్ల డబ్బా ఒక్కసారైనా నా చేతికి ఇచ్చింది లేదు.

నాకు ఎప్పుడూ ఆఫ్రికానే. గోనెసంచి చుట్టి, నడుముకి మావిడాకులు కట్టి, లాంతరు చిమ్నీ మసిలో కొబ్బరినూనె కలిపి నా ముఖానికీ చేతులకీ పూసేది పెద్దమ్మ. అన్ని దేశాలూ కానుకలు తెస్తే ఆఫ్రికా మాత్రం ఉత్త చేతులతో రావాలి. మోకాళ్ల మీద పడి, "మాది చీకటి దేశం, మాకు వెలుగు ఇవ్వండి," అని చేతులు చాచాలి. అప్పుడు పెద్దమ్మ వెలిగించిన కొవ్వొత్తి తెచ్చి నా చేతిలో పెట్టేది, అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ మసి ఒక్క స్నానానికి వదిలేది కాదు. చెవుల వెనకా, గోళ్ల సందుల్లోనూ ఉండిపోయేది, సెలవులయ్యాక స్కూల్లో మగపిల్లలు అది చూసి ఆఫ్రికా అని పిలవడం మొదలెట్టారు. కొన్నాళ్లకి సంతలో పసుపు అమ్మే ముసలామెకి కూడా నా అసలు పేరు తెలియకుండా పోయింది.

ఒక ఏడాది ధైర్యం చేసి అడిగాను. పెద్దమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుని వేషాలు చెబుతోంది, అమ్మ పక్కనే ఉల్లిపాయలు కోస్తోంది. స్విట్జర్లాండు కాకపోయినా ఈసారి నన్ను జపాను చెయ్యమన్నాను, కానుక పట్టుకుని నడవాలని ఉందన్నాను. పెద్దమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నీకు ఆఫ్రికాయే నప్పుతాదే గుంటా. మసి కూడా సగం సాలు," అంది.

అంతే, వెంటనే పక్క వేషం సంగతికి వెళ్లిపోయింది. అమ్మ తలెత్తలేదు, కళ్లు తుడుచుకుంది, అది ఉల్లిపాయకో నాకో నేనడగలేదు. ఆ పూట అరిసె నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంది. నాకప్పుడు పదకొండేళ్లు, పెద్దమ్మ ముఖం చర్చి అంతా చూస్తుండగా మాడిపోవాలని, అది నా చేతుల మీదుగానే జరగాలని, మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి అడిగాను. క్షమించమని చెప్పే దేవుణ్ణి అలాంటిది అడగకూడదని తెలుసు, అయినా అడిగాను.

దేవుడు మా ఇమ్మానుయేలు మావయ్యని పంపించాడు. అమ్మకీ పెద్దమ్మకీ ఒక్కడే తమ్ముడు, వెల్డింగు పని. ఆయన లండన్‌లో ఉన్నాడని చర్చిలో అందరికీ తెలుసు, ఎందుకంటే పెద్దమ్మ చెప్పింది. ఆదివారం ప్రార్థన విన్నపాల్లో మా తమ్ముణ్ణి లండన్ చలి నుంచి కాపాడమని ఆమె లేచి అడిగేది, సంఘమంతా కళ్లు మూసుకుని ఆ చలి తగ్గాలని దేవుణ్ణి బతిమాలేది. ఒక ముసలాయన దగ్గు మందు కూడా ఇచ్చి పంపించాడు. ఆ డిసెంబరులో సెలవు మీద వచ్చిన మావయ్య అరుగు మీద జీడిపప్పు ఒలిచి పెడుతుంటే, దేవుడు అడిగితే ఏ దేశంలో ఉంటావు మావా అని, చర్చిలో ముచ్చట లాగే మామూలుగా అడిగాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని నవ్వాడు.

"నానుండేది టాంజానియాలోనేనే. అక్కకి సెప్పుకోడానికి నామోషీ. మా ఊరు దారెస్సలామ్, సముద్రం ఒడ్డున మన భీమిలీ లాగే ఉంటాది, కొబ్బరిసెట్లు, జీడితోటలు, ఎండుసేపల వాసన. నన్నడిగితే అక్కడే ఉండిపోతాను."

నా అట్లాసులో ఆఫ్రికా పటం తెరిచి, టాంజానియా మీద వేలు పెట్టి చూపించాడు. ఆఫ్రికా అంటే ఒక దేశం కాదని, బోలెడన్ని దేశాలున్నాయని, పక్కపక్కనే రంగు రంగుల్లో ఉన్నాయని నాకు ఆ పూటే తెలిసింది. మరి మా సండే స్కూలు టీచరుకి అది తెలియదో, తెలిసీ నాకు చెప్పలేదో ఇప్పటికీ అర్థం కాదు. పెట్టె అడుగునుంచి ఒక పెద్ద గుడ్డ తీసి ఇచ్చాడు, కాషాయం మీద నల్ల జీడిమామిడి బొమ్మలు, అంచు పొడుగునా ఏవో అక్షరాలు. అక్కడి ఆడవాళ్లు చుట్టుకునేదట. ఒక పొట్లంలో లవంగాలు కూడా ఇచ్చాడు, విప్పితే వీధంతా వాసన వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. నేనే ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ సాయంత్రం చర్చి కిటకిటలాడింది. రంగు కాగితాల తోరణాలు, గడ్డి పరిచిన పాక, కొత్త బట్టల గంజి వాసన, దాని మీద పౌడరు వాసన. చిన్నగదిలో పెద్దమ్మ మసి గిన్నె నా చేతికిచ్చి, ఎదిగావు కదా నువ్వే పూసుకో అని మైకు దగ్గరికి వెళ్లిపోయింది. అది ఆమె చేసిన పొరపాటు. నేను గిన్నె తీసుకెళ్లి పెరట్లో సీతాఫలం చెట్టు మొదట్లో బోర్లించి, కుళాయి దగ్గర ముఖం శుభ్రంగా కడుక్కుని, మావయ్య ఇచ్చిన గుడ్డ చుట్టుకున్నాను. చిన్న బుట్టలో కొబ్బరికాయ, జీడిపప్పు, లవంగాలు పెట్టుకున్నాను. లోపల స్విట్జర్లాండు దూది రాలుస్తూ నడుస్తోంది.

ఆఫ్రికా అని పెద్దమ్మ పిలిచింది. నేను గుమ్మంలోంచి నడిచాను. గుసగుసలు వినిపించాయి, పెద్దమ్మ కొవ్వొత్తి పట్టుకుని ఎదురుగా నిలబడింది, కళ్లతోనే కూర్చోమంది. నేను మోకాళ్లూనలేదు. మైకు ముందు నిలబడి, రాత్రిళ్లు దుప్పటి కింద నేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే చెప్పాను.

"నేను టాంజానియా నుంచి వచ్చాను. మా దేశంలో సముద్రం ఉంది, కొబ్బరి, జీడి, లవంగం పండుతాయి. అడుక్కోడానికి రాలేదు, ఇవ్వడానికొచ్చాను. మా ఇమ్మానుయేలు మావయ్య ఉండేది మా దేశంలోనే. లండన్‌లో కాదు. కావాలంటే అడగండి, అక్కడే కూర్చున్నాడు."

అన్ని తలలూ మావయ్య వైపు తిరిగాయి. ఆయన ముందు తల దించుకున్నాడు, తర్వాత ఎత్తాడు, అవునని ఊపాడు. బెంచీలోంచి హెడ్మాస్టరు తాతగారి గొంతు మెల్లగా లేచింది.

"అయితే మనం ఇన్నేళ్లూ ప్రార్థన సేసింది తప్పు దేశానికేటి?"

అప్పుడు పుట్టింది నవ్వు. ముందు ఆడవాళ్ల వైపు, తర్వాత మగవాళ్ల వైపు, ఆఖరికి పాస్టరుగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకున్నారు. కొవ్వొత్తి మైనం పెద్దమ్మ వేళ్ల మీద కారుతోంది, ఆమెకి తెలియడం లేదు. పౌడరు కింద ఆమె ముఖం ఏ రంగుకి తిరిగిందో నేను దగ్గర్నుంచి చూశాను, తృప్తిగా చూశాను. తర్వాత బుట్ట తీసుకెళ్లి పాక ముందు పెట్టాను. చిన్నపిల్లవి, తర్వాత బాధపడి ఉంటావులే అని ఈ కథ విన్నవాళ్లు అంటారు. పడలేదు. ఇన్నేళ్లలో ఒక్కపూట కూడా పడలేదు.

ఇంట్లో దెబ్బలు తప్పవనుకున్నాను. అమ్మ పలావు వడ్డించి, మెత్తటి ముక్కలన్నీ ఏరి నా కంచంలో వేసి, చిన్నగా అంది.

"ఆ కొవ్వొత్తి కూడా ఆర్పీసుంటే బాగుణ్ణు."

ఆ తర్వాత పెద్దమ్మ చాలాకాలం మా గుమ్మం తొక్కలేదు. మరుసటి ఏడు దేశాల వరస పెట్టలేదు, ఇక ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు మా చర్చిలో పెద్ద తెర ఉంది, పిల్లలు దాని ముందు డాన్సు చేస్తారు. వెదురు నక్షత్రాలు పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి, అమ్మమ్మ మోకాళ్లు నొప్పెట్టని చోటికే వెళ్లిపోయింది, టీ తాగుతూ దేశాలు ఏరుకునే వాళ్లెవరూ చాపల మీద మిగల్లేదు. ఆఫ్రికా అన్న పేరు మాత్రం ఊళ్లో ఇంకా ఉంది. నేను విజయనగరంలో సోషల్ టీచర్ని, అక్కడ ఎవరికీ తెలియదు గానీ, శృంగవరపుకోటలో బస్సు దిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు అలాగే పిలుస్తారు. అందుకే నా కోపం చల్లారలేదు.

మావయ్య అన్నంత పనీ చేశాడు, అక్కడే ఉండిపోయాడు. ఎస్తేరప్ప భర్తకి కూడా ఆయనే పని ఇప్పించాడు, మా స్విట్జర్లాండు ఇప్పుడు దారెస్సలామ్‌లో కాపరం ఉంటోంది, నెలలు నిండాయి. పురుడు పోయడానికి పెద్దమ్మ వెళుతోంది. సూట్‌కేసు సర్దడానికి రమ్మని అమ్మ చేత కబురంపింది. చర్చిలో మాత్రం ఫారిన్ వెళుతున్నానని చెప్పిందట, ఏ ఫారినో చెప్పలేదట.

పౌడరు దులిపి, డబ్బా మూత బిగించి, ఆఖరి చీర పైన పెట్టాను. పెద్దమ్మ ముసలిదైపోయింది, ఇంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు. గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కడ ఎలాగుంటాదే?"

కొబ్బరిచెట్లుంటాయని చెప్పొచ్చు. భీమిలీ లాగే ఉంటుందని, ఎండుచేపల వాసన వస్తుందని, భయపడొద్దని చెప్పొచ్చు. అవన్నీ నా నాలుక చివరి దాకా వచ్చాయి.

"బాగా సీకటి పెద్దమ్మా," అన్నాను. "కొవ్వొత్తి అట్టుకెళ్లు."

ఆమె చెయ్యి చీరల మీదే ఆగిపోయింది. నేను సూట్‌కేసు మూసి, జిప్పు చివరిదాకా లాగాను.