ఇటలీ వాళ్లింట్లో యాట కూర

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లోని అహ్మదిలో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంటపనికి కుదిరాను. అంతకుముందు రుమైథియాలో ఒక పెద్ద కుటుంబంలో పనిచేశాను. అక్కడ అందరూ తిని లేచాక వంటింట్లో నేల మీద కూర్చుని, మిగిలింది తినేదాన్ని. అది నాకు కష్టంగా ఏమీ అనిపించలేదు. మా కడప పల్లెలోనూ ఆడవాళ్లం ఆఖర్నే తినేవాళ్లం.

ఇటలీ వాళ్ల పద్ధతి వేరు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. శుక్రవారం సెలవునాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాళ్లు కాదు. మొదటి శుక్రవారమే ఇంటావిడ నాకూ ఒక కుర్చీ జరిపి పళ్లెం పెట్టింది. అన్ని ఇళ్లలోలాగే ఇక్కడా ఇంటావిడను నేను మామా, అంటే అమ్మా అనే పిలిచేదాన్ని. కువైట్‌లో అప్పటిదాకా నన్ను తమతో కూర్చుని తినమన్నవాళ్లు లేరు. కానీ పళ్లెంలో ఉన్నది ఎద్దు మాంసం. ఖీమా కొట్టించి, ఉల్లిగడ్డలు, టమాటాలు వేసి పొద్దుటి నుంచీ సన్నసెగ మీద ఉడికించిన కూర. కలియబెట్టింది నేనే. వాసన కూడా బాగుంది. తినడం మాత్రం నా వల్ల కాలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నొప్పి అని సైగ చేశాను. తర్వాతి వారం తలనొప్పి అన్నాను. ఇంకో వారం ఇంకేదో చెప్పాను. రొట్టె, టీలతో గడిపేదాన్ని. విషయం చెప్పడానికి నాకు భాష లేదు. పైగా ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్త ఇఖామా, ఇంకా చేతికి రాలేదు. తిండి దగ్గర పేచీ పెట్టే మనిషి మాకెందుకని పంపించేస్తారేమోనని భయం.

చలికాలంలో ఇంజనీరు తల్లి వాళ్ల దేశం నుంచి వచ్చింది. పొట్టి మనిషి, నల్ల గౌను, మోకాళ్ల నొప్పులు. ఆయన తల్లిని మమ్మా అనేవాడు, నేను కోడలిని మామా అనేదాన్ని. ఎవరు పిలిచినా అత్తాకోడళ్లు ఇద్దరూ పలికేవాళ్లు.

వచ్చిన మర్నాడే ఆమె వంటింట్లో చేరింది. ఎద్దు మాంసాన్ని పలచగా కోసి, లోపల వెల్లుల్లి, జున్ను, కొత్తిమీర లాంటి ఆకు పెట్టి, చుట్టి దారంతో కట్టడం నాకు చేసి చూపించింది. నేను కట్టిన చుట్టలు కుదురుగా వచ్చాయి. ఆమె మురిసిపోయి, ఉడుకుతున్న పులుసు గరిటెతో తీసి, ఊది చల్లార్చి నా నోటి దగ్గర పెట్టింది. నేను గబుక్కున మొహం తిప్పేసుకున్నాను.

ఆమె గరిటె దించేసింది. ఆ రోజంతా మళ్లీ నా వైపు చూడలేదు.

మర్నాడు మామా నన్ను హాల్లోకి పిలిచింది. వెళ్తే ముసలామె సోఫాలో కూర్చుని ఉంది, పక్కన కంపెనీ డ్రైవరన్న నిలబడి ఉన్నాడు. ఆయనది రాయచోటి. ఇంజనీరును పనికి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. కాస్త ఇంగ్లీషు వచ్చు. నన్ను పొమ్మనే మాట తెలుగులో చెప్పించడానికే ఆయన్ని పిలిపించారనుకున్నాను.

"ఖలాసేనా న్నా? పంపించేస్తాండారా?" అని నేనే ముందు అడిగేశాను.

"ఉండు మా, అంత తొందరెందుకు? ముసలామె ఒక మాట అడగమంటాంది. నా చేతి కూడు నీకెందుకు సయించలేదు, నేనేమన్నా తప్పు చేసినానా అంటాంది."

నాకు ఏడుపొచ్చింది. "అయ్యో, చేతిది కాదు న్నా. అది పెద్దకూర. మా ఇండ్లల్లో ముట్టం. ఎట్ల చెప్పల్లో తెలీక ఇన్నాళ్లూ కడుపునొప్పి అంటాంటి."

డ్రైవరన్న ఆ మాట ఇంగ్లీషులో మామాకు చెప్పాడు. మామా తమ భాషలో అత్తకు చెప్పింది. ముసలామె రెండు వేళ్లు నెత్తిన కొమ్ముల్లా పెట్టుకుని "మూ..." అని అరిచి, వద్దా అన్నట్టు చెయ్యి ఊపింది. అవునని తలాడించాను. వెంటనే గొంతు సన్నం చేసి "బే... బే?" అంది.

"గొర్రెదైతే తింటావా అంటాంది," అన్నాడు డ్రైవరన్న నవ్వాపుకుంటూ.

"యాట కూరయితే ఎంతైనా తింటా న్నా!"

ఆయన నోరు తెరిచేలోపే ఆమెకు అర్థమైపోయింది. నుదురు కొట్టుకుని కోడలి మీద విరుచుకుపడింది. మాటలు మాకు తెలియకపోయినా సంగతి తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్లుగా ఈ పిల్ల రొట్టె తిని బతుకుతుంటే ఎందుకని ఎవరూ అడగలేదా అని. మామా కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చి నా భుజం పట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లంతా తేలికైపోయింది. ఉద్యోగం ఉంది, ఎవరికీ నా మీద కోపం లేదు. పైగా దాచుకోవాల్సిందేమీ మిగల్లేదు.

ఆ శుక్రవారం డ్రైవరన్న బజారు నుంచి గొర్రె జబ్బ తెచ్చాడు. ముసలామె దానికి ఉప్పు, వెల్లుల్లి, పెట్టెలో గుడ్డమూట కట్టి తెచ్చుకున్న ఏదో ఎండు ఆకు పట్టించి, చుట్టూ ఆలుగడ్డలు పేర్చి ఓవెన్‌లో పెట్టింది. వాళ్ల ఊళ్లో వైన్ పోస్తారట. ఇక్కడ దొరకదు కాబట్టి నిమ్మకాయలు పిండింది.

డ్రైవరన్నను కూడా బలవంతంగా కూర్చోబెట్టారు. మాంసం ఎముక నుంచి దానంతటదే విడిపోతోంది. కారం లేదన్న ఒక్క లోటు తప్ప వంక పెట్టడానికి లేదు. నేను లోపలికెళ్లి మా అమ్మ పంపిన కారప్పొడి తెచ్చి చల్లుకున్నాను. డ్రైవరన్న చెయ్యి చాపాడు. ఇంజనీరూ కావాలన్నాడు, ఒక్క ముద్దకే కళ్లు ఎర్రబడ్డాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. ముసలామె చిటికెడు వేసుకుని తిని, నీళ్లు తాగి, మళ్లీ చిటికెడు వేసుకుంది.

నా పళ్లెం ఖాళీ అయింది. ఎవరైనా చూసి వేస్తారని ఎదురుచూడకుండా, ఇంకో ముక్క వెయ్యమని పళ్లెం ముందుకు జరిపాను.