భీమరాజు బాబాయి ఓదార్పు

మా భీమరాజు బాబాయికి ఆశ అనేది ఒంటికి పడదు. ఫహాహీల్ బస్సు ఆగితే టైరు పేలిందంటాడు, ఆగకపోతే బ్రేకులు పోయాయంటాడు. ఈ ఎడారి దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ అయిన రోజున స్వీట్లు పంచమంటే, "దేనికిరా? మళ్ళీ అయిపోయేదేగా!" అన్నాడు.

మహబూలాలో రెండు గదుల ఫ్లాట్‌లో నేను, నా భార్య దేవిక, మా అమ్మ సూరాయమ్మ, ఈ బాబాయి కలిసి ఉంటాం. ఈ వేసవిలో అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద పెట్టబోతే పళ్ళు బిగించేది.

దేవిక నర్సు. "ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండాలి," అంది. తనకి ఆసుపత్రిలో పని, నాకు షుఐబాలో. బాబాయి ఫహాహీల్లో ఓ గోడౌనుకి కాపలా. పగటి ఎండకి చచ్చిపోతానంటూ ఆ వారమే రాత్రి డ్యూటీకి మారాడు. పగలు ఇంట్లో ఉండేది ఆయనొక్కడే.

"ఆయనా! బాగున్నవాళ్ళనే మంచం పట్టిస్తాడు," అన్నాను.

"ఇంకెవరున్నారు?" అంది దేవిక.

బాబాయి మొదలెట్టాడు. "ఒదినా, నీ చెయ్యిక లెగదు. నా మోకాలూ అంతే. ఈ ఏసీ కూడా మూలుగుతోంది. అందరం ఒక్కసారే పోయేలా ఉన్నాం."

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఒక్క మంచిమాట చెప్పు!"

"రానిది ఎలా చెప్పనురా?"

ఓ శుక్రవారం, సెలవునాడు, అమ్మ జావ కూడా ముట్టలేదు. దేవిక కళ్ళు తుడుచుకుంటోంది. నాకూ ధైర్యం చచ్చిపోయింది. బాబాయి అమ్మ చెయ్యి నిమురుతూ, "పోనీ ఒదినా, నీ పెద్దకార్యానికి గారెలు చేయించమంటావా, బూరెలా? తర్వాత అడుగుదామంటే నువ్వుండవు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేవదీద్దామని ఆయన రెక్క పట్టుకున్నాను.

గోడవైపు నుంచి గొంతు. ముద్దముద్దగా, కోపంగా.

"రెం... డూ!"

ముగ్గురం నోరు తెరిచాం. అమ్మ మెల్లగా ఇటు తిరిగి మరిదిని కొరకొరా చూసింది. దేవిక ఏడుస్తూ నవ్వుతూ జావ పట్టింది. గ్లాసు ఖాళీ అయ్యింది.

తర్వాత ఓ రోజు గోడౌన్ సూపర్‌వైజరు ఖాసిం వలి బజార్లో కలిశాడు. "మీ బాబాయి బతిమాలి మరీ రాత్రికి మారినాడప్పా! పగలు ఒదిన ఒంటరిగా ఉంటాదంట. ఆ మనిషి నిద్ర ఎప్పుడు పోతాడో ఏమో!"

ఇంటికొచ్చి నిలదీశాను.

"అదేం కాదురా, ఎండకే!" అని బాబాయి అటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అమ్మ అంతా వింది. ఎడంచేత్తో తన దిండు లాగి ఆయన వైపు తోసింది. "ప... డుకో."

"పడుకుంటే మళ్ళీ లెగనేమో ఒదినా," అంటూనే నేలమీద ఒరిగి, అంతలోనే గురక పెట్టాడు.