మునెప్ప చూసిన రెండు నీలాలు

పుంగనూరులో కొత్తిల్లు కట్టినవాళ్లు గోడల తడి ఆరకముందే మునెప్పకు కబురు పెట్టేవాళ్లు. ముప్పై ఏళ్లుగా రంగులే ఆయనకు కూడు పెట్టాయి. డబ్బా మీది రాతలు చదవలేడు గానీ, ఏ రంగులో ఏది ఎంత కలిసిందో చూసి చెప్పేవాడు. గోడకు అరచేయంత పూసి, ఆరనిచ్చి, పొద్దుటి వెలుగులో ఒకసారి, దీపం పెట్టి ఒకసారి చూస్తేగానీ పని మొదలుపెట్టేవాడు కాదు.

రెండువేల మూడులో విజయమ్మ టీచరు తన దేవుడి గదికి ముదురు నీలం కావాలంది. ఇత్తడి కృష్ణుడు నిండుగా కనబడాలని ఆమె కోరిక. అంగట్లో రెండు నీలాలిచ్చారు. మునెప్ప రెండూ పక్కపక్కన పూసిపోయాడు. మరునాడు పొద్దున్నే వచ్చి చూశాడు. తలుపు మూసి, దీపం పెట్టి చూశాడు. కండువాతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. రెండూ ఒకటే.

"ఏమప్పా, ఏది బాగుండాది?" కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది విజయమ్మ.

"రెండూ ఒకటేమ్మా. పేర్లు మార్చి అంటగడతాండారు అంగడోళ్లు."

"బలే ఎగతాళి చేస్తావే! ఒకటి నేరేడుపండు మాదిరి, ఇంకోటి శంకుపూవు మాదిరి ఉంటే!"

తప్పు తన కళ్లదేనని మునెప్పకు తెలిసిపోయింది. అవునమ్మా, ఎగతాళికే అన్నానంటే సరిపోయేది. ఊళ్లో తెలిస్తే రేపట్నుంచి పనికి పిలిచేదెవరు? కానీ ఇది దేవుడి గది. ఎదురుగా ఉన్నది కాఫీ ఇచ్చిన తల్లి.

"ఎగతాళి కాదు తల్లీ," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "నాకు తెలీలా. ఆర్నెల్లుగా అంతా మంచులో సూసినట్టుండాది. ఎవురికీ చెప్పలా."

విజయమ్మ దగ్గరికొచ్చి ఆయన కళ్లలోకి పరికించి చూసింది.

"మా నాయనకూ ఇట్లే పొర కమ్మింది. ఆపరేషనైనాక, వండిన అన్నంలో రాయి ఉండాదని మా అమ్మతో రోజూ తగువే," అంది. "శనివారం నాకు ఒంటిపూట బడి. మదనపల్లెలో కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

"మరి గది? శుక్రవారం సామిని పెట్టాలంటివే?"

"ఇన్నాళ్లూ వంటింటి అలమారలో ఉండాడు. ఇంకో నెలుంటే అలుగుతాడా?"

అంతవరకు పైకప్పుకు సున్నమైనా కొడతానని మునెప్ప కుంచె అందుకున్నాడు. ఇంతలో పక్కవీధి వెంకటేశులు గుమ్మంలోంచి కేకేశాడు. "అక్కా, మునెప్పను రేపు మా ఇంటికి పంపిస్తావా?"

"ఇంకో నెల ఆగప్పా. మా పని ముగియలేదు. ఆయన చేయి పడితేనే అందం, తొందరపడి ఇంకొకర్ని పెట్టుకోవద్దు," అంది విజయమ్మ గుమ్మందాకా పోయి.

"అట్లనేలే అక్కా," అంటూ అతను వెళ్లిపోయాడు.

లోపల మునెప్ప, సున్నం చేతులతోనే ఆమె మాట వినబడిన వైపు తిరిగి దండం పెట్టాడు.