గోరంత ముందు

మా పెదనాన్న మలయాలో ఒక రబ్బరు తోటలో గుమాస్తా, తోట హాకీ జట్టుకి కోచ్. కుడి వింగరూ ఎడమ వింగరూ చెట్లు గీసి పాలు తీసే కుర్రాళ్ళే. బంతి దొరికిందా, గాలే. ఎవరు గొప్పని అడిగితే ఆయన రెండు చూపుడువేళ్ళూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని గోరంత ముందుకి జరిపేవాడు. మర్నాడు రెండోదాన్ని. నాకు ఒళ్ళు మండేది. మ్యాచిలో మాత్రం ఇద్దరికీ ఒకటే కేక: "లగెత్తరా!"

తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీలో మా ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె వేశారు. అడవిలో తిరుగుబాటుదార్లకి చేరుతుందని అన్నం ముద్దని కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. ఎడమ వింగరు ఆ గేటు దగ్గరే కాపలా పోలీసయ్యాడు. ఒక పొద్దున కుడి వింగరు అలవాటు కొద్దీ చద్దన్నం మూట నడుముకి కట్టుకుని పనికి బయల్దేరాడు. తనిఖీలో దొరికి, బెదిరి పరుగెత్తాడు. గేటు దగ్గరి పోలీసు తెల్లదొర తుపాకీ ఎత్తాడు. అది పేలేలోగా పట్టుకోవాలని ఎడమ వింగరు వెంటపడ్డాడు. పట్టుకున్నాడు. కుడి వింగర్ని క్యాంపుకి తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన మెర్దెకా నాడు తోటంతా జెండాలు. "ఇద్దర్లో ఎవరు గొప్ప, పెదనాన్నా?" అని మళ్ళీ అడిగాను. వేళ్ళు పక్కపక్కన పెట్టాడు. ఏదీ కదల్లేదు.

"ఆ పొద్దున నానూ గేటు కాడే ఉన్నాను. ఎవుడ్ని లగెత్తమందును?"