అద్దాలాయన గొంతు

కళ్ళజోళ్ళ షాపు వెనక, కిటికీ లేని చిన్న గదిలో, ఫ్రేముకి సరిపడేలా అద్దాలు అరగదీసే మనిషిని అందరూ అద్దాలాయన అనే పిలిచేవారు. ఆయనకి వేరే పేరు లేక కాదు. ఉన్న పేరు ఆయన నోట రాదు. ఎవరైనా పేరు అడిగితే మొదటి అక్షరం దగ్గరే పట్టేసేది. అవతలివాడు కాసేపు ఆయన పెదాల వంక చూసి, "సర్లెండి" అని వెళ్ళిపోయేవాడు. లోకానికి ఎక్కడలేని తొందరంతా నత్తివాడి ముందే పుట్టుకొస్తుంది. అదే లోకం సినిమా టిక్కెట్టు కోసం ఎండలో ఎంతసేపైనా నిలబడుతుంది, అక్కడ తొందర గుర్తు రాదు.

ఆ పనిలో చేరింది అద్దాల మీద మోజుతో కాదు. ముందుగదిలో మాటలన్నీ ఓనరు చూసుకుంటాడు. వెనకగదిలో మిషను గీపెడుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. నోరు సాయపడనివాడికి చెవులు చిల్లులు పడే చోటే సుఖం. బస్సెక్కినా అంతే. దిగాల్సిన స్టాపు పేరు పలకలేక, పలకగలిగిన తర్వాతి స్టాపు పేరు చెప్పి టిక్కెట్టు తీసుకుని, అక్కడ దిగి వెనక్కి నడిచొచ్చేవాడు. ఈ సంగతి విని నవ్వినవాళ్ళున్నారు. నవ్వరూ మరి? నడిచింది వాళ్ళు కాదుగా.

ఆయన భార్య మంచిదే గానీ నోరు ఊరుకోదు. పెళ్ళైన కొత్తలోనే ఆయన మాటలు పూర్తి చెయ్యడం మొదలుపెట్టింది. 'నీ' అంటే నీళ్ళు, 'త' అంటే తలుపు. ఓసారి తలనొప్పిగా ఉందని చెప్పబోతే లేచి వెళ్ళి తలుపు వేసొచ్చింది. ఆయన తలనొప్పితోనే పడుకున్నాడు. ఆవిడ దాన్ని సేవ అనుకుంది. ఆయన కాదనలేదు. కాదని చెప్పాలన్నా ముందు అది నోట్లోంచి రావాలి కదా.

ఆయన మాట కోసం ఆగింది ఒక్క కూతురే. చిన్నప్పటినుంచీ అంతే. ఆయన మాట మొదలుపెట్టి ఇరుక్కుపోతే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. మధ్యలో అందించేది కాదు, దిక్కులు చూసేది కాదు. మాట బయటికి వచ్చాకే జవాబు చెప్పేది. తల్లి మధ్యలో దూరబోతే, "ఉండమ్మా, నాన్న చెప్తున్నాడుగా" అని కసిరేది. బతుకులో ఆయనకి దక్కిన ఐశ్వర్యం ఏదైనా ఉందంటే అదే. షాపులో దిగమింగుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్ల ముందు దించుకునేవాడు.

ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరి, అక్కడే ఒకబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి తండ్రి వకీలు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పెళ్ళి మాటలకి వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అద్దాలాయన "రండి, కూర్చోండి" అన్నాడు. అలవాటైన మాటలు కాబట్టి ఆ రెండూ తడబడకుండానే వచ్చాయి. తర్వాతదంతా భార్యే మాట్లాడింది.

"బావగారు మితభాషి అనుకుంటా," అన్నాడు వకీలు నవ్వుతూ. "మంచిదే. మా ఇంట్లో అందరం వాగుడుకాయలమే, వినేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. కానీ బావగారూ, పెళ్ళి విందులో మాత్రం మనిద్దరం చెరో నాలుగు మాటలు మాట్లాడాల్సిందే. తప్పించుకుంటానంటే కుదరదు."

కూతురు తన సంగతి వాళ్ళకి చెప్పే ఉంటుందని, తెలిసి కూడా మర్యాదగా అడుగుతున్నారని అనుకున్నాడు అద్దాలాయన. ఆయన కడుపు నిండిపోయింది. భార్య నోరు తెరిచేలోపే "సరే" అన్నాడు. 'స' ఆయనకి ఎప్పుడూ ఎదురు తిరగని అక్షరం. కూతురు చటుక్కున తలెత్తి ఆయన వంక చూసింది. అది సంతోషమే అనుకున్నాడు వెర్రి తండ్రి.

నాలుగు మాటలు రాసుకున్నాడు. పైకి చదువుతుంటే ఎక్కడ ఇరుక్కుంటున్నాడో తనకే తెలియడం లేదు. గొంతు రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది, తెలిస్తే ఆ చోటుని సాధన చెయ్యొచ్చు అనిపించింది. కూతురు కాలేజీలో వాడిన పాత కంప్యూటరు ఇంట్లోనే ఉంది, అది ఫ్రిజ్ పక్కన బల్ల మీద పడి ఉండేది. దానికో చవక మైకు కొని తగిలించి, సాఫ్ట్‌వేర్ వేటలో పడ్డాడు.

మొదట దింపుకున్నది తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. విమానం నడిపేవాడి ముందు కూడా అన్ని మీటలుంటాయో లేదో. గొంతుని గుహలోంచి వస్తున్నట్టు మార్చే మీటా, ఆడగొంతుని మగగొంతు చేసే మీటా ఉన్నాయి గానీ, ఉన్న గొంతుని ఉన్నట్టు వినిపించేది ఎక్కడుందో దొరకలేదు. రెండోది చూడముచ్చటగా ఉంది. తీరా దాచుకున్న ఫైలు వింటే, ఆయన మాటల మధ్యలో ఒకావిడ దూరి "పూర్తి వెర్షన్ కొనుక్కోండి" అంటోంది. ఆవిడకి తడబాటన్నది లేదు. మాటల మధ్య దూరే ఆడమనిషి ఇంట్లో ఒకరు చాలనుకుని దాన్ని తీసేశాడు.

మూడోదాన్ని ఇంటర్నెట్‌లో అందరూ పిల్లలాట అని తీసిపారేశారు. తెర మీద ఒకటే కిటికీ, అందులో గొంతుని ఎగుడుదిగుడు గీతలుగా చూపే బొమ్మ, కింద కత్తెర గుర్తు. కావాల్సినంత మేర గీసి కత్తిరించొచ్చు, రెండు ముక్కలు అతకొచ్చు, తప్పైతే వెనక్కి తీసుకోవచ్చు. అంతకు మించి ఏమీ చేతకాదు దానికి. ఆయనకి అదే నచ్చింది. అన్న మాటని వెనక్కి తీసుకునే వీలు నోటికి కూడా ఉంటే సగం కాపురాలు బాగుపడేవి.

రోజూ షాపుకి వెళ్ళేముందు కాసేపు దాని ముందు కూర్చునేవాడు. తన నత్తిని కళ్ళతో చూడడం ఆయనకి అదే మొదటిసారి. 'కూతురు' అన్న మాట ముందు వరసగా బుడిపెలు, బుడిపెలు, ఆ తర్వాత ఒక పెద్ద గుట్ట. ఆ గుట్టే మాట. బుడిపెలన్నీ ఆయన పడ్డ అవస్థ. ఇవి లేకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి విందామని కత్తిరించాడు. సాధన కోసం మొదలుపెట్టిన మనిషి ఆ కోతలో పడిపోయాడు. అతుకు తెలియకుండా ఊపిరి దగ్గర కోయడం నేర్చుకున్నాడు. అంతా అయ్యాక మొదట్నుంచి పెట్టుకుని విన్నాడు.

నిండైన గొంతు, ఒక్క గుక్కలో సాగిపోతోంది. ఇన్నేళ్ళూ తన లోపల ఉన్నవాడు వీడేనన్నమాట. అద్దాలాయన బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. సంతోషానికి ఎంత, ఉక్రోషానికి ఎంత అంటే ఆయనే చెప్పలేడు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. కూతురికి వినిపించాడు.

"నాన్నా! ఇది నువ్వేనా?" అంది ఆ పిల్ల. మళ్ళీ పెట్టించుకుని వింది. కళ్ళ నిండా నీళ్ళు. "నాన్నా, ఇదే పెట్టేద్దాం విందులో. వెనక ఫొటోలు వేయిస్తాను. అదిరిపోతుంది."

"లే... లేదమ్మా, నే... నే... నే..."

"నేనే మాట్లాడతానంటావు, అంతేగా?" అంది కూతురు. "ఎందుకు నాన్నా ఆ కష్టం? ఇంత బాగా వచ్చాక?"

ఆయన అనబోయింది అదే. మాట సరిగ్గానే అందించింది. కానీ ఆ పిల్ల అందించడం పుట్టిబుద్ధెరిగాక అదే మొదటిసారి.  అద్దాలాయన మిగతాది మింగేశాడు.

కూతురు మూడోసారి వింది. ఈసారి మధ్యలో ఆపించింది. "ఇది మాత్రం తీసెయ్ నాన్నా." అది ఆయన అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించి రాసుకున్న చోటు. 'నా కూతురు నా మాట కోసం ఎప్పుడూ ఆగేది. మీ ఇంట్లో తను ఏదైనా చెప్పబోతే మీరూ కాస్త ఆగండి. నేను కోరేది అంతే.'

"ఎం... ఎందుకు?"

"వాళ్ళకి అర్థం కాదు నాన్నా. ఆగడమేంటి అనుకుంటారు." కూతురు కంప్యూటరు వంక చూస్తూనే అంది. "తీసేస్తావుగా?"

తీసేశాడు. అతుకు ఎంత బాగా కుదిరిందంటే అక్కడ ఒక మాట ఉండేదంటే ఎవరూ నమ్మరు.

అయినా ఆశ చావలేదు. ఆ మూడు వాక్యాలూ విడిగా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. రికార్డు చేసిన గొంతు పాటికి అది పలుకుతుంది, ఈ మూడు ముక్కలూ తను లేచి నిలబడి చెప్తాడు. ఎంతసేపు పడితే అంతసేపు పడుతుంది. కూతురి పెళ్ళిలో ఒక్కసారి, తన నోటితో. విందుకొచ్చే వాళ్ళందరికీ తన సంగతి తెలుసు, కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అనుకున్నాడు.

విందు హాలు నిండిపోయింది. ముందు వకీలు మాట్లాడాడు. జోకులు వేశాడు, అందరూ నవ్వారు. తర్వాత దీపాలు తగ్గించి, తెర మీద ఫొటోలు వేసి, అద్దాలాయన గొంతు పెట్టారు. హాలంతా చెవులప్పగించింది. అయిపోగానే చప్పట్లు మోగాయి. షాపు ఓనరు మాత్రం మొదటి వరసలో నోరు తెరుచుకుని ఆయన వంకే చూస్తూ కూర్చున్నాడు.

వకీలు మైకు పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేశాడు. "ఏం గొంతు బావగారూ! ఇంత గొంతు పెట్టుకుని మా దగ్గర మౌనవ్రతం పట్టారా? మిమ్మల్ని కోర్టుకి పంపాల్సింది. ఒక్క మాట, ఇప్పుడు, ఇక్కడ. వదిలేది లేదు!" అవతల వియ్యపురాలు, అల్లుడు కూడా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ మొహాల్లో ఎక్కడా మర్యాద కోసం నటిస్తున్న జాడ లేదు.

అప్పుడు తెలిసింది అద్దాలాయనకి. వాళ్ళకి తెలియదు. కూతురు చెప్పనే లేదు. ఆ రోజు తను సరే అన్నప్పుడు ఆ పిల్ల చటుక్కున తలెత్తింది సంతోషంతో కాదు, హడలిపోయి. ఆ మాటలు తీసెయ్యమన్నదీ వాళ్ళకి అర్థం కాదని కాదు, అర్థమైపోతుందని.

అయినా మైకు అందుకున్నాడు. జేబులో కాగితం తియ్యలేదు, అక్కర్లేదు, అది కంఠతా వచ్చు. నోరు తెరిచాడు. 'నా' బిగుసుకుంది. దవడ వణుకుతోంది. ఆయనకి ఆ బిగువు తెలుసు. కొంచెం ఆగితే అది వదులుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చేసింది కూడా.

కూతురు నగలు గలగలమంటుండగా గబగబా వచ్చి, నవ్వుతూ ఆయన చేతిలోంచి మైకు తీసేసుకుంది. "సారీ అండీ, నిన్నటినుంచీ నాన్నకి గొంతు పట్టేసింది. డాక్టరు అస్సలు మాట్లాడొద్దన్నారు. అందుకే ఇంతకుముందు రికార్డు చేసుకున్నదే పెట్టాం."

"అయ్యయ్యో!" అంది వియ్యపురాలు. "ముందే చెప్పొద్దూ అన్నయ్యగారూ?" ఆవిడే స్వయంగా వేడినీళ్ళు తెప్పించి చేతికిచ్చింది. భార్య కూడా పక్కనే ఉంది. బతుకంతా ఆయన మాటలు పూర్తి చేసిన మనిషికి ఆ పూట ఒక్క మాటా దొరకలేదు. హాలంతా జాలిగా చూస్తుంటే అద్దాలాయన ఆ నీళ్ళన్నీ తాగాడు. రోగం లేనివాడు మందు తాగితే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇంటికొచ్చాక కూతురు ఫోన్ చేసింది. "కోపమా నాన్నా? ఆ టైములో నాకేం తోచలేదు. మెల్లగా నేనే చెప్తాను వాళ్ళకి." చెప్తుందని ఆయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, కన్నాడు కదా.

కొన్నాళ్ళకి వియ్యాలవారు భోజనానికి పిలిచారు. వెళ్ళారు. వకీలు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, "గొంతు ఎలా ఉంది బావగారూ ఇప్పుడు? తగ్గిందా?" అని అడిగాడు.

అద్దాలాయన కూతురి వంక చూశాడు. ఆ పిల్ల బల్ల మీద కంచాలు సర్దుతోంది. మాట వినపడింది, చెయ్యి ఆగింది. కానీ తలెత్తలేదు. ఆయన ఆగాడు. ఆ పిల్ల చిన్నప్పుడు తన కోసం ఆగినంతసేపూ ఆగాడు. కంచాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

అద్దాలాయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఇంకా తగ్గలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.