మావ దాచిన రెండు దెబ్బల నాణేలు

చదువుతున్న నిన్నే అడుగుతున్నాను: మావ పెట్టెలోని నాణేలను చివరిసారి తాకింది నీ చేతులేనా?

మావ, అంటే మా అమ్మ తమ్ముడు, పోయిన ఆదివారం తెల్లవారకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. కబురు వచ్చేసరికి నేను నందిగాంలో వాక్యం చెప్పడానికి బయలుదేరుతున్నాను. బైబిలు సంచిలోనే ఉంది. తెరవడానికి చేతులు రాలేదు.

పలాస జీడిపప్పు బట్టీలో గుండు పప్పునూ విరిగిన బద్దనూ వేరు చేయించిన మేస్త్రీ మావ. జీడి మరకలు పోని ఆ వేళ్ళతో నాణెం ముఖాన్ని ఎన్నడూ తాకేవాడు కాదు. చేతులు కడిగి, తువ్వాలుతో తుడుచుకుని, అంచులు పట్టి పైకెత్తేవాడు. ఎవరు ఏది మంచిదన్నా ముందు అనుమానమే. "మెరిసిందల్లా కిటికీ కాడెట్టి సూడు" అనేవాడు. ప్రతి ఆత్మనూ నమ్మొద్దని లేఖనమే చెబుతుంటే, నాణేన్ని ఎందుకు నమ్మాలి?

మనవరాలు పుట్టిన ఏడాది టంకశాల నుంచి, దాచుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా కొట్టే ప్రూఫ్ సెట్టు ఒకటి, దానితోపాటు అవే నాణేల అన్‌సర్క్యులేటెడ్ సెట్లు కొన్ని తెప్పించాడు. ప్రూఫ్‌ది మనవరాలికని పెట్టెలో దాచాడు. మిగతావి కీర్తనలు కంఠతా చెప్పిన మన సంఘం పిల్లలకు పంచాడు.

"రెండూ కొత్తవే కదా మావా, తేడా ఏటి?" అన్నాను.

"కొత్తవే. ఎవుడి జేబులోనూ తిరగనివే. కానీ అల్లుడా, ఇది బజారు నాణెంలాగే అచ్చు ఒక్క దెబ్బకి పడింది. తిరక్కముందే ఎత్తి దాసేరు, అంతే. ఈ ప్రూఫుదైతే బిళ్ళకీ మెరుగెట్టి, అచ్చుకీ మెరుగెట్టి, రెండు దెబ్బలు కొట్టేరు. మొకం దగ్గరెట్టి సూడు."

చూశాను. ఖాళీ చోటంతా అద్దం. నా కళ్ళజోడు కనిపించింది. బొమ్మా అక్షరాలూ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక్క దెబ్బ నాణెంలో కాంతి ఉంది, ముఖం లేదు.

వెంటనే, వెండిని కొలిమిలో శోధించడం గురించి అందుకున్నాను. మావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ పెసంగం ఒక్క దెబ్బదేరా. ఇంటికెళ్ళి ఇంకోటి కొట్టుకు రా."

అప్పటినుంచి ప్రతి ప్రసంగాన్నీ రెండుసార్లు రాసుకుంటున్నాను.

సమాధి చేసి వచ్చాక, పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ అత్త ఆ పెట్టె చూపించింది. చేతులు మారింది. నిన్న నేను కిటికీ దగ్గర తెరిచాను. నాణేలున్నాయి. అసలైనవే, కొత్తవే. నా ముఖం మాత్రం లేదు.

"అత్తా, ఇవి అవి కావు."

"నిగనిగలాడతన్నాయి కదరా. మనోళ్ళనే అనుమానిత్తన్నావేటి?"

అనుమానిస్తున్నాను. కీర్తన చెప్పిన పిల్లల ఇళ్ళలో తప్ప అలాంటి సెట్టు ఈ ఊళ్ళో ఇంకెక్కడుంది? రెండూ ఒకటేనని పొరబడ్డావో, తేడా తెలిసే మార్చావో దేవుడికి తెలుసు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా, ఆ ఇంట్లో కూర్చున్న ఒక్కొక్కరి ముఖమే కనిపిస్తోంది నాకు.

ఈ సాయంత్రం మావ కోసం జరిగే ఆదరణ కూడికలో అత్త ఆ పెట్టెను మనవరాలి చేతిలో పెడుతుంది. ఆ పిల్లకు తేడా మావే నేర్పాడు. తెరిచి, కిటికీ వైపు తిప్పి, తన ముఖం కోసం వెతుకుతుంది.

అందుకే ఉదయం ఆరాధనలోనే ఈ కాగితం పంచుతున్నాను. నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చిందని నువ్వూ చదివావు. మా అత్త చేత ఊడ్పించకు. నీ పేరు ఎవరూ అడగరు. ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్ళు. ఆ నాణేలను అంచులు పట్టుకుని తీసి, తెల్లగుడ్డలో చుట్టి, పొద్దుండగానే మావ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళు.